మోటారు పక్కన జానెడు గొట్టం

మీ ఇంట్లో నీళ్ళ మోటారు ఉందా? ఉంటే ఒకసారి వెళ్ళి దాన్ని దగ్గరగా చూసి రండి. స్విచ్ వేయనక్కర్లేదు. చేత్తో తాకనూ వద్దు. ఊరికే చూస్తే చాలు.

మోటారుకి రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి నూతిలోంచో, సంపులోంచో వచ్చేది. రెండోది మేడ మీది ట్యాంకుకి పోయేది. చాలా ఇళ్ళలో ఈ గొట్టాలు నేరుగా మోటారుకి బిగించి ఉండవు. మధ్యలో జానెడు పొడుగున, చేత్తో వంచితే వంగే రబ్బరు ముక్కో ప్లాస్టిక్ ముక్కో ఉంటుంది. దాని రెండు కొసలా రెండు ఇనప పట్టీలు. మా వైపు మేస్త్రీలు దీన్ని 'హోస్ ముక్క' అంటారు.

ఇంత చిన్న వస్తువు గురించి ఒక వ్యాసమా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు దాన్ని అంత తేలిగ్గానే చూశాను. ఎనిమిదో తరగతికి ఏటేటా వాతావరణ పీడనం పాఠం చెప్పే మనిషినై ఉండి, ఆ జానెడు ముక్క దగ్గరే బోల్తా పడ్డాను. ముందు ఆ సంగతి చెప్తాను.

ఒకే గొట్టం, రెండు ముక్కలు

మా పెరట్లో నుయ్యి ఉంది. దాని గట్టు పక్కన సిమెంటు దిమ్మ మీద అర హార్స్ పవర్ మోటారు. రెండు వైపులా ఇనప గొట్టాలు నేరుగా మోటారు నోటికే బిగించి ఉండేవి. 2011 జనవరిలో, సరిగ్గా పండగ సెలవుల్లో, ఒక కీలు దగ్గర నీళ్ళు కారడం మొదలైంది. గొట్టమూ మోటారు నోరూ ఒక వరసలో లేవు. అరంగుళం తేడా. మేస్త్రీ గారు పండక్కి ఊరెళ్ళారు. నేను బజారుకెళ్ళి, తోటకి నీళ్ళు పట్టే ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరు కొన్నాను. చెరో జానెడు చొప్పున రెండు ముక్కలు కోశాను. ఒకటి నూతి వైపు, ఒకటి ట్యాంకు వైపు తొడిగి, పట్టీలు బిగించాను. కారడం ఆగిపోయింది. పైగా మోటారు వేసినప్పుడల్లా మేడ మీద గదిలో గోడ గుయ్యిమనేది, అదీ తగ్గింది. ఇంట్లోవాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

నాలుగు నెలలు బాగానే నడిచింది. మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం మా ఆవిడ కేకేసింది: "ఏమండీ, మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళెక్కడం లేదు!" ఇంటినిండా చుట్టాలు. నేను మోటారు ఆపి, వెళ్ళి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మళ్ళీ వేసి, మేడెక్కి ట్యాంకు దగ్గర నిలబడ్డాను. కాసేపు నీళ్ళు వచ్చాయి, ఆగిపోయాయి. కిందికి దిగి మోటారు ఆపి చూశాను. మళ్ళీ అన్నీ బాగానే ఉన్నాయి! మోటారులో నీళ్ళు పోశాను, నూతిలోకి తొంగి చూశాను, కరెంటు తక్కువగా వస్తోందన్నాను. అరగంట ఇలా గడిచేసరికి మోటారు ఒళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, కమురు వాసన వేసింది.

నాలుగింటికి మేస్త్రీ గారు వచ్చారు. "ఒక్కసారి స్విచ్ వేయించండి మాస్టారూ" అని మోటారు ముందు గొంతుకూర్చున్నారు. స్విచ్ వేశాం. నూతి వైపు ముక్క మా కళ్ళముందే నొక్కేసినట్టు చదునై, అట్టముక్కలా తయారైంది. స్విచ్ ఆపితే మెల్లగా గుండ్రంగా లేచింది. నేను చూసినప్పుడల్లా మోటారు ఆగి ఉంది. అందుకే నాకది కనిపించలేదు!

"ఇది నీళ్ళు తోసేచోట వాడే గొట్టం. మీరు నీళ్ళు పీల్చేచోట పెట్టారు" అన్నారాయన.

ఇప్పుడు మీరు ఆలోచించండి. రెండు ముక్కలూ ఒకే గొట్టంలోంచి కోసినవి. ఒకే మందం, ఒకే వయసు, ఒకే ఎండ. ట్యాంకు వైపు ముక్క మీద ఒత్తిడి నిజానికి ఎక్కువ. అది చెక్కుచెదరలేదు. ఒత్తిడి తక్కువ ఉన్న నూతి వైపు ముక్క చితికింది. ఎందుకని?

లాగేది ఎవరు?

"మోటారు నీళ్ళు లాగుతోంది" అంటాం మనం. మాటవరసకి సరే. నీళ్ళని పట్టుకుని లాగడానికి అవేమీ తాడు కావు కదా! మోటారు లోపలి రెక్కల చక్రం గిర్రున తిరిగి, తనలో ఉన్న నీటిని అంచు వైపు విసిరేస్తుంది. మధ్యలో పీడనం తగ్గుతుంది. మోటారు చేసే పని అంతే. మిగతాది బయటి గాలి చేస్తుంది. నూతిలో నీటి మీద గాలి నొక్కుతూనే ఉంటుంది. ఆ నొక్కుడు వల్ల, పీడనం తగ్గిన గొట్టంలోకి నీళ్ళు ఎక్కుతాయి.

గాలి ఎంత ఎత్తుకి తోయగలదు? పంపులు సుమారు 10 మీటర్లకి మించి నీటిని పీల్చలేవని పనివాళ్ళకి చాలాకాలంగా తెలుసు. గెలీలియో 1638లో ప్రచురించిన పుస్తకంలో దీన్ని గురించి రాశాడు. మరీ పొడవైన తాడు తన బరువుకి తానే తెగినట్టు, నీటి స్తంభం కూడా తెగిపోతుందేమో అనుకున్నాడు. అంతటివాడూ ఇక్కడ పొరబడ్డాడు! ఆయన శిష్యుడు టారిసెల్లి 1643లో నీటికి బదులు పాదరసంతో ప్రయోగం చేయించాడు. గాజు గొట్టంలో పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువైనది. 76ని 13.6తో గుణించండి. 1033 సెంటీమీటర్లు, అంటే సుమారు 10.3 మీటర్ల నీరు వస్తుంది. సముద్రమట్టం దగ్గర గాలి మోయగల నీటి స్తంభం అంతే. ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువన్నమాట.

ఇక మా నుయ్యి లెక్క చూద్దాం. సంక్రాంతి నాటికి నీటిమట్టం మోటారుకి 4 మీటర్ల కింద ఉండేది. మే నెలలో 7 మీటర్లకి దిగిపోయింది. 7 మీటర్లు ఎక్కడానికే గాలి శక్తి చాలావరకు సరిపోతే, మోటారు దగ్గరికి వచ్చేసరికి గొట్టం లోపల మిగిలేది 3.3 మీటర్ల నీటి పీడనమే. బయటి నుంచి మాత్రం పూర్తి 10.3. తేడా 7 మీటర్లు, అంటే చదరపు సెంటీమీటరుకి 0.7 కిలో.

"ఇంతేనా!" అనకండి. నా ముక్క పొడవు 24 సెంటీమీటర్లు, బయటి వ్యాసం 3 సెంటీమీటర్లు. పైనుంచి చూస్తే దాని నీడ 72 చదరపు సెంటీమీటర్లు. 72ని 0.7తో గుణిస్తే సుమారు 50. సరిగ్గా ఒక సిమెంటు బస్తా బరువు! అంత బరువు పైనుంచి నొక్కుతుంటే, అంతే బలం కిందినుంచీ నొక్కుతోంది. జనవరిలో ఇదే లెక్క 29 కిలోలు. పైగా మే నెల ఎండకి ప్లాస్టిక్ మెత్తబడింది. బరువు పెరగడమూ బలం తగ్గడమూ రెండూ ఒక్కసారే జరిగాయి. నీళ్ళకి దారి మూసుకుపోయాక మోటారు తనలో ఉన్న కాసిని నీళ్ళనే చిలికి చిలికి వేడెక్కించింది. ఇరుసు పక్కన నీళ్ళు కారకుండా ఉండే సీలు మాడింది.

ఇక నుయ్యి ఇంకా లోతుకి దిగితే? గొట్టంలో ఘర్షణ కూడా గాలి బలాన్ని కొంత తినేస్తుంది కనుక, 7 మీటర్లు దాటితే మోటారు గట్టు మీద ఉండి పని చేయడం కష్టమే. అందుకే కొన్ని నూతుల్లో మోటారుని లోపలికి దించి, అరుగు కట్టి దానిమీద కూర్చోబెడతారు. మీరు చూసే ఉంటారు.

కొబ్బరిబొండాం చెప్పే పాఠం

అయినా అసలు ప్రశ్న అలాగే ఉంది. ట్యాంకు వైపు ముక్కలో ఒత్తిడి ఎంత? మా ట్యాంకు మోటారుకి 9 మీటర్ల పైన ఉంది. ఘర్షణ కలుపుకుంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో. లోపలి వ్యాసం రెండున్నర సెంటీమీటర్లు కనుక, ఆ ముక్కని చీల్చడానికి ప్రయత్నిస్తున్న బలం 60 కిలోలు. అది 60 భరించింది. ఇది 50కే లొంగిపోయింది!

దీనికి జవాబు కొబ్బరిబొండాం దగ్గర దొరుకుతుంది. బొండాం తాగుతుంటే అడుగున లేతకొబ్బరి ముక్క స్ట్రాకి అడ్డుపడుతుంది చూడండి. మీరు ఇంకా గట్టిగా పీలుస్తారు. స్ట్రా చప్పున అతుక్కుపోతుంది. అదే స్ట్రా అడుగుని వేలితో మూసి, లోపలికి ఊదండి. ఎంత ఊదినా దానికేమీ కాదు.

ఏ గొట్టమూ నిక్కచ్చిగా గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా రవ్వంత నొక్కుకుని ఉంటుంది. అంటే వెడల్పు ముఖాలు రెండు, ఇరుకు ముఖాలు రెండు అనుకోండి. పీడనం అన్ని చోట్లా ఒకటే అయినా, వెడల్పు ముఖం మీద పడే మొత్తం బలం ఎక్కువ. ఒత్తిడి లోపలినుంచి వస్తే ఆ బలం వెడల్పు ముఖాలని బయటికి తోస్తుంది. గొట్టం ఇంకా గుండ్రమవుతుంది. తప్పు తానే దిద్దుకుంటుంది. ఒత్తిడి బయటినుంచి వస్తే వెడల్పు ముఖాలు లోపలికి పోతాయి. పోయినకొద్దీ అవి ఇంకా వెడల్పవుతాయి, బలం ఇంకా పెరుగుతుంది. తప్పు పెరిగిపోతుంది. ఒక హద్దు దాటాక క్షణంలో చదునవుతుంది. నాకు మటుకు ఈ విషయం పాఠ్యపుస్తకంలో ఉండవలసినది అనిపిస్తుంది.

కాబట్టి లోపలినుంచి తోసే చోట గొట్టానికి కావలసింది సాగకుండా పట్టి ఉంచే బిగువు. అందుకే ట్యాంకు వైపు వాడే మంచి గొట్టాల గోడలో దారాల అల్లిక ఉంటుంది. పారదర్శకమైన గొట్టాల్లో ఆ గళ్ళు స్పష్టంగా కనబడతాయి. బయటినుంచి నొక్కే చోట ఈ దారాలు ఎందుకూ కొరగావు. దారం లాగితే ఆగుతుంది గాని, నొక్కితే ఆగుతుందా? అక్కడ కావలసింది గుండ్రంగా నిలబెట్టే ఎముక. అందుకని పీల్చే గొట్టం గోడలో ఉక్కు తీగనో, గట్టి ప్లాస్టిక్ బద్దనో స్ప్రింగులా చుట్టి పోతపోస్తారు. కాలవల మీద ఆయిల్ ఇంజన్లతో నీళ్ళు తోడే రైతుల దగ్గర మెలికలు తిరిగిన గట్టులతో లావుపాటి గొట్టం చూశారా? ఆ గట్టులే ఎముకలు.

ఎముక లేకపోతే గోడ మందంగా ఉండాలి. మందం రెండింతలు చేస్తే, చదును కాకుండా నిలిచే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది.

అసలు మెత్తని ముక్క ఎందుకు?

ఇంత పేచీ ఉన్నప్పుడు ఇనప గొట్టమే నేరుగా బిగిస్తే పోలేదా? పోదు. మన కరెంటు సెకనుకి 50 ఆవర్తనాలు చేస్తుంది. దానికి తగ్గట్టు ఇళ్ళలో వాడే చిన్న మోటార్లు నిమిషానికి 2,800 చుట్లు పైగా తిరుగుతాయి. సెకనుకి 47. తిరిగే చక్రంలో ఏ వైపో రవ్వంత బరువు ఎక్కువుంటే, సెకనుకి 47 సార్లు మోటారు అదురుతుంది. ఇనప గొట్టం ఆ అదురుని గోడకీ, గోడ గదికీ మోసుకుపోతుంది. మా మేడ గది గుయ్యిమన్నది అందుకే. అదురుకి మరచుట్లు వదులై కీళ్ళు కారతాయి కూడా. ఇనుములో వచ్చే కంపనం రబ్బరు దగ్గరికి రాగానే చాలావరకు వెనక్కి తిరిగిపోతుంది. లోపలికి వెళ్ళిన కొంత రబ్బరులోని ఘర్షణ వల్ల వేడిగా మారిపోతుంది. చప్పుడు పూర్తిగా మాత్రం ఆగదు. లోపలి నీళ్ళు కొంత మోస్తూనే ఉంటాయి.

రెండో లాభం, అరంగుళం వంకరని అది సర్దుకుంటుంది. అలాగని గొట్టం బరువు దానిమీద వేలాడదీయకూడదు. అంగుళం ఇనప గొట్టం మీటరుకి సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. లోపలి నీళ్ళు మీటరుకి ఇంకో అర కిలో. ఆ బరువంతా గోడకి కొట్టిన క్లాంపులు మొయ్యాలి.

పచ్చి రబ్బరైతే ఈ పనికి పనికిరాదు. ఎండకి జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ 1839లో రబ్బరుని గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని కనిపెట్టాడు. ఆ తర్వాతే రబ్బరు గొట్టాలు నమ్మదగినవి అయ్యాయి.

కనబడని కారుడు

ఇక కొసలకి బిగించే పట్టీలు. ట్యాంకు వైపు పట్టీ వదులైతే నీళ్ళు చిమ్ముతాయి, ఇల్లంతా తెలుస్తుంది. నూతి వైపు వదులైతే ఒక్క చుక్కా బయటికి రాదు. ఎందుకంటే అక్కడ లోపలి పీడనం తక్కువ. గాలే లోపలికి పోతుంది. అది ఇంకా ప్రమాదం. మా మోటారు నీటిని 20 మీటర్ల ఎత్తుకి తోయగలదనుకోండి. అదే చక్రం గాలితో నిండితే, 20 మీటర్ల గాలి స్తంభానికి సరిపోయే పీడనం మాత్రమే పుట్టించగలదు. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక. కాబట్టి అది రెండున్నర సెంటీమీటర్ల నీటితో సమానం! ఇక నూతిలో నీళ్ళు ఎలా ఎక్కుతాయి? మోటారులో ముందు నీళ్ళు పోయడం ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

ఈ కారుడుని పట్టుకోవడానికి మేస్త్రీ గారు చేసింది చూడముచ్చటగా ఉంది. సబ్బు నురుగు తెచ్చి, మోటారు నడుస్తుండగా పట్టీ చుట్టూ రాశారు. సందు ఉన్నచోట నురుగు లోపలికి పోయి మాయమవుతుంది. సైకిలు పంక్చర్ పరీక్షకి ఇది సరిగ్గా తిరగేసిన పరీక్ష. ఇది పెద్దవాళ్ళు చేస్తుంటే చూడండి. తడి చేతులతో మీరు చేయకండి.

బైండింగు వైరు మెలితిప్పి బిగించేవాళ్ళున్నారు. వైరు ఒకచోట కోసుకుపోతుంది, ఇంకోచోట వదులుగా ఉంటుంది. మరతో బిగించే పట్టీ చుట్టూ ఒకేలా నొక్కుతుంది. దానికి 1921లో పేటెంటు తీసుకున్నది ఇంగ్లండు నౌకాదళంలో పనిచేసిన లమ్లీ రాబిన్సన్. స్క్రూడ్రైవరుతో మరని ఒక చుట్టు తిప్పితే పట్టీ ఒక్క గాడి మాత్రమే జరుగుతుంది. అందుకే వేళ్ళ బలంతోనే అంత బిగువు వస్తుంది.

గాలి చొరబడే సందులోంచి మురికి నీళ్ళూ చొరబడతాయి. కొందరు వీధి కుళాయి గొట్టానికే మోటారు తగిలిస్తారు. అప్పుడు వీధి గొట్టమంతా పీల్చే గొట్టమవుతుంది. కాలవ పక్కన అది ఎక్కడ చిల్లిపడి ఉంటే అక్కడినుంచి మురుగు లోపలికి వస్తుంది. ఆ నీళ్ళు వాళ్ళొక్కరే కాదు, వీధంతా తాగుతుంది.

ఇంకో ప్రశ్న

ఆ సాయంత్రం మేస్త్రీ గారు ఉక్కు చుట్ట ఉన్న ముక్క వేసి, సీలు మార్చి, లేవబోతూ ఆగారు. "మాస్టారూ, దీని ఎర్త్ వైరు ఏదీ?" అన్నారు.

ఉండేది కాదు. పాతకాలపు ఇల్లు. ఇనప గొట్టమే నేలలోంచి వెళ్ళేది గనుక, లోపల ఎక్కడైనా తీగ తొడుగు చెడి మోటారు ఒంటికి కరెంటు తగిలితే, ఆ గొట్టం గుండానే భూమిలోకి పోతుందని అప్పట్లో ధైర్యం. అది పద్ధతి కాదు, అయినా ఎంతో కొంత దారి ఉండేది. నేను రెండు వైపులా ప్లాస్టిక్ ముక్కలు పెట్టాను. ప్లాస్టిక్ విద్యుద్బంధకం. అంటే జనవరి నుంచి మే దాకా మా మోటారుకీ భూమికీ ఉన్న ఆ కాస్త దారిని కూడా నా చేత్తో నేనే తెంచేశాను! మోటారు ఒంటికి కరెంటు తగిలి ఉంటే, దాన్ని ముట్టుకున్నవాళ్ళే దారి అయ్యేవారు. మా అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. రోజూ మొక్కలకి నీళ్ళు పోస్తూ, తడి కాళ్ళతో వెళ్ళి ఆ మోటారు పక్కన కుళాయి తిప్పేది. మోటారు కాలిపోతే ఎంతవుతుందని మధ్యాహ్నమంతా లెక్కలు వేసుకున్న నాకు, ఆ మాటతో ఒళ్ళు చల్లబడింది.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మోటారు ఒంటి మీది బోల్టుకి విడిగా ఎర్త్ తీగ బిగించి, మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్నుకి కలిపాడు. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి ఎర్త్ గొట్టం పాతి దానికి కలిపాడు. మీ ఇంట్లోనూ మోటారుకి హోస్ ముక్కలు ఉంటే, మోటారు ఒంటికి ఈ తీగ ఉందో లేదో పెద్దవాళ్ళని అడగండి.

పొడి నేలలో కరెంటు బాగా ప్రవహించదు. అందుకని వేసవిలో ఆ గోతిలో బిందెడు నీళ్ళు పోస్తూ ఉండాలి. ఆ పని ఆ రోజే మా అమ్మాయి తన వంతు అంది. చదునైన ముక్క మాత్రం నేను దాచుకున్నాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడు బడికి పట్టుకెళ్తాను. దాని మీద రెండు మడత గీతలు ఇంకా అలాగే ఉన్నాయి.